నలభయ్యో ఎక్స్‌రే

నా మాస్టర్స్ థీసిస్‌కి నలభై ఛాతీ ఎక్స్‌రేలు కావాలి. పేర్లు తీసేసి పరిశోధన కోసం ఆన్‌లైన్‌లో పెట్టినవి డౌన్‌లోడ్ చేసుకున్నాను. తీరా వాటిని డాక్టర్ చేత చూపించే పరీక్ష రెండు రోజులుందనగా చూస్తే, అందులో ఒకే ఎక్స్‌రే రెండుసార్లు పడింది. ప్రొఫెసర్‌కి చెబితే అన్నీ మళ్లీ సరిచూడమంటారు, నెల పోతుంది. డిసెంబర్‌లో డిగ్రీ రాకపోతే చేతిలో ఉన్న ఉద్యోగం ఆగదు. అందుకని ఎవరికీ చెప్పకుండా నా సొంత ఎక్స్‌రేని నలభయ్యోదిగా పెట్టేశాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

నా ఎక్స్‌రే నా దగ్గర ఎందుకుందంటే, ఈ దేశం వచ్చి యూనివర్సిటీలో చేరగానే టీబీ టెస్ట్ చేశారు. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్న మనవాళ్లలో చాలామందికి చేతి మీద చేసే ఆ టెస్ట్ పాజిటివ్ వస్తుంది. వస్తే ఎక్స్‌రే తీస్తారు. నాకూ తీసి, అంతా నార్మల్ అని కాగితం రాసి, సీడీ చేతిలో పెట్టి పంపారు.

ఎక్స్‌రేలో కంటికి కనిపించని గుర్తు ఒకటి దాచడం నా పని. దాన్నే వాటర్‌మార్క్ అంటారు. ఆ తర్వాత ఎవరైనా అందులో ఒక మచ్చను చెరిపినా, కొత్త మచ్చను అతికించినా గుర్తు చెదిరిపోయి మోసం బయటపడుతుంది. డాక్టర్ ఆ బొమ్మను నిశ్చింతగా నమ్మవచ్చు. కాకపోతే గుర్తు దాచాలంటే బొమ్మను రవ్వంత మార్చక తప్పదు. ఆ మార్పు వల్ల ఉన్న జబ్బు కనబడకుండా పోయినా, లేనిది కనబడినా నా రెండేళ్ల కష్టం గంగపాలే. అందుకే పరీక్ష. ఒక్కో ఎక్స్‌రేకి రెండు కాపీలు, ఒకటి అసలుది, ఇంకొకటి గుర్తు దాచినది. మొత్తం ఎనభైనీ ప్రొఫెసర్ కలగాపులగం చేసి నంబర్లు వేశారు. ఏ నంబర్ ఏదో చెప్పే జాబితా ఆయన దగ్గరే ఉంది. చూసే డాక్టర్ రెండు కాపీలకీ ఒకే మాట చెబితే నేను గెలిచినట్టు.

ఆ డాక్టర్ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు చర్చికి వచ్చే ఆంటీ. ముప్పై ఏళ్లుగా ఎక్స్‌రేలు చూడటమే ఆవిడ వృత్తి. సగం బొమ్మల్లో నా గుర్తు ఉంటుందని ఆవిడకు తెలుసు, ఏవన్నది మాత్రం తెలియదు. శనివారం మధ్యాహ్నాలు వాళ్ల బేస్‌మెంట్‌లో పెద్ద మానిటర్ ముందు కూర్చుని ఆవిడ చెప్పేవారు, నేను టైప్ చేసేదాన్ని. అన్నం పెట్టకుండా ఎప్పుడూ పంపలేదు.

రెండో శనివారం నా ఎక్స్‌రే వచ్చింది. చిన్నప్పుడు సైకిల్ మీది నుంచి పడి విరగ్గొట్టుకున్న కాలర్ బోన్ వంకరగా అతుక్కుంది కాబట్టి చూడగానే గుర్తుపట్టాను.

"ఈ అమ్మాయికి కాలర్ బోన్ ఎప్పుడో విరిగింది," అన్నారు ఆంటీ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నిజంగానే భుజం మీదికి పోయింది. ఆవిడ అది చూడలేదు. తెర దగ్గరికి వంగారు.

"కుడివైపు పైన చిన్న మచ్చ ఉంది. సీటీ స్కాన్ తీయించాలి అని రాయమ్మా."

రాశాను. రెండుసార్లు తప్పు కొట్టి చెరిపాను.

"ఏంటమ్మా అలా ఉన్నావ్? చలేస్తోందా? హీట్ పెంచనా?"

"లేదాంటీ, అయామ్ ఓకే."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ చెబితే పరీక్ష పాడవుతుంది, నా దొంగపని బయటపడుతుంది. పైగా యూనివర్సిటీలో నార్మల్ అన్నారు, ఆ మచ్చ నా వాటర్‌మార్క్ తెచ్చిపెట్టినదే కావచ్చు కదా! అలాగైతే థీసిస్ పోతుంది. కాకపోతే ఊపిరితిత్తి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నా పని చెత్తపని అయి ఉండాలని దేవుణ్ణి బతిమాలుకున్నాను. ఏ స్టూడెంటూ అలాంటి ప్రార్థన చేసి ఉండదు. ఆ వారమంతా నాకు దగ్గొస్తే చాలు, టీబీయే అనుకునేదాన్ని. టీబీ అయితే ఒకే గదిలో ఉంటున్నవాళ్లకు అంటిస్తానేమోనని నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను, పక్క తీసుకెళ్లి హాల్లో వేసుకున్నాను.

"ఏమైందే నీకు, కొత్తగ మడి కట్టినవా?" అని మా వరంగల్ రూమ్మేట్ నవ్వింది. నేనూ నవ్వాను.

మూడో శనివారం రెండో కాపీ వచ్చింది. ఆంటీ చాలాసేపు చూశారు.

"నార్మల్. నెక్స్ట్."

ఎగిరి గంతేయాలనిపించింది. కారెక్కాక బుర్ర పనిచేసింది. మచ్చ అన్న కాపీ అసలుదైతే? నార్మల్ అన్నది నా గుర్తు దాచినదైతే? నా చేతులతో నా జబ్బునే కప్పెట్టినట్టు కాదా?

సోమవారం ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆయన జాబితా తెరిచారు. మచ్చ ఉందన్నది అసలు బొమ్మే. ముందు డాక్టర్‌కి చూపించుకో, థీసిస్ సంగతి తర్వాత చూద్దాం అన్నారు. అక్కడి నుంచి నేరుగా ఆంటీ ఇంటికి డ్రైవ్ చేశాను.

"అది నువ్వా?" అని ఆవిడ గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకున్నారు. "పిచ్చిదానా, వారం నుంచి నోరు మూసుకుని తిరిగావా?"

సీటీ ఆవిడే దగ్గరుండి తీయించారు. ఎప్పుడో చిన్నతనంలో టీబీ సోకి, దానంతటదే మానిపోయిన మచ్చ. ప్రమాదం లేదు, ఎవరికీ అంటదు, అందుకే యూనివర్సిటీ వాళ్లు నార్మల్ అని రాసేసి ఉంటారు అన్నారు. ఆస్పత్రి పార్కింగ్‌లో సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ సాయంత్రం ఆంటీ బేస్‌మెంట్‌లో రెండు కాపీలూ పక్కపక్కన పెట్టారు. మచ్చ రెండింటిలోనూ ఉంది. ఒకే చోట, ఒకే సైజులో, నాకు కూడా కనబడేంత స్పష్టంగా ఉంది. నా గుర్తు దేన్నీ దాచలేదు.

"మరి రెండోసారి నార్మల్ అన్నారేంటి ఆంటీ? కనపళ్లేదా?"

"కనపడిందమ్మా." ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ముందు వారం మచ్చ అనగానే నీ మొహం పాలిపోయింది. నీ గుర్తు బెడిసికొట్టిందని భయపడ్డావనుకున్నా. ఇదీ అలాంటిదేలే, రాస్తే పిల్ల డిగ్రీ ఆగిపోతుంది, ఎందుకొచ్చింది అని వదిలేశా. అదే మనిషి బొమ్మ అని కూడా చూసుకోలేదు."

"ఇంకా ఏమైనా వదిలేశారా ఆంటీ?"

"వదిలేశాను. ఎన్నో గుర్తులేదు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఎనభైనీ మళ్లీ ఇంకో డాక్టర్ చేత చూపించు. నా పేరు తీసెయ్యి," అన్నారు.

డిసెంబర్ డిగ్రీ పోయినట్టేనని తెలుస్తూనే ఉంది. కోపం వచ్చింది, ఆవిడ మీదా, అంతకు రెట్టింపు నా మీదా. పెద్దావిణ్ణి ఏమనగలను? నేను బాగుండాలని ఆవిడ చూసీ చూడనట్టు వదిలేసిన మచ్చ, నా ఊపిరితిత్తిలోదే.