చెప్పు ముక్కల బిరడాలు

ఆ వయసులో నాకు భయం లేదని కాదు, అది ఎప్పుడూ పని అయిపోయాకే వచ్చేది. ఇప్పుడైతే లిఫ్టు మీట నొక్కే ముందు కూడా రెండుసార్లు ఆలోచిస్తాను గానీ, సౌదీలోని యాన్బులో పైపు ఫిట్టర్‌గా చేరిన కొత్తలో ఒక మాట అనుకున్నానంటే అది జరిగి తీరాల్సిందే. అప్పుడే ఊళ్లో నా భార్యకు కాన్పయింది. ఆడపిల్ల. సెలవు అడిగితే ప్లాంటు షట్‌డౌన్ పనులు అయ్యేదాకా కుదరదన్నారు. మా జగిత్యాల దిక్కు పురుడు చేసి పేరు పెట్టే నాడు చుట్టాలందరికీ కల్లు పోస్తారు. బిడ్డ తండ్రి ముందు కూర్చోవాలి. ముందు కూర్చోవాల్సినవాడు ఎర్ర సముద్రం ఒడ్డున హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాడు. అందుకని ఆ రోజు నా కల్లు నేనే ఇక్కడ తయారు చేసుకుని తాగుతానని తీర్మానించుకున్నాను.

నా గదిలోనే మా బావ ఉండేవాడు. అక్క మొగుడు, వీసా తెప్పించి నన్ను పిలిపించుకున్నవాడు. సంగతి చెప్పగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఈడ ఈత చెట్టు ఏడున్నదిరా?"

"ద్రాక్షలున్నయ్ గద బావా."

"దొరికితె జైలే. అటెంక ఫైనల్ ఎగ్జిట్. ఇద్దరం ఒక్క ఫ్లైట్ల పోవుడే!"

"పోతె పోత. బిడ్డనన్న చూస్త."

బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. (దాన్ని నేను అనుమతి కింద జమ కట్టుకున్నాను.)

ద్రాక్షపండ్లు పిసికి నీళ్ల క్యానులో పోసి మంచం కింద దాచాను. నాలుగు రోజులకే గది వాసన మారింది. బావ పొద్దున ఒక అగరుబత్తి, సాయంత్రం రెండు వెలిగించేవాడు. పక్క గదివాళ్లు ఆయన్ని మహా భక్తుడనుకుని దారి ఇచ్చేవారు. అసలు చిక్కు సీసాల దగ్గర వచ్చింది. మెస్సు వెనక పారేసిన గాజు సీసాలు ఏరుకొచ్చి వేడినీళ్లతో కడిగాను గానీ, వాటికి మూతలు లేవు. బిరడాల కోసం బజారంతా తిరిగాను. మందే లేని దేశంలో బిరడాలు ఎవరు అమ్ముతారు? హార్డ్‌వేర్ షాపులో బొటనవేలు చూపించి, సీసా మూతిలో గుచ్చినట్టు అభినయిస్తే, షాపువాడు చాలాసేపు ఆలోచించి సింకుకు పెట్టే రబ్బరు బిళ్ల చేతిలో పెట్టాడు. అయినా వెనక్కి తగ్గలేదు. బావ డ్యూటీకి వెళ్లినప్పుడు ఆయన నీలం స్లిప్పర్లు తీసి, మడమ దగ్గర మందంగా ఉన్నచోట గుండ్రంగా కోసి, ముక్కల్ని సీసాల్లో దిగ్గొట్టి, చుట్టూ పైపులకు చుట్టే తెల్ల టేపు బిగించాను. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

"నా చెప్పులేవిరా?" అన్నాడు బావ వచ్చి.

"సీసాలకున్నయ్ బావా."

పురుడు శుక్రవారం పడింది. ఆ ఉదయమే మా క్యాంపు ముదీర్, అంటే మా గదుల మీద పెత్తనమంతా చేసే ఆఫీసరు, ఎవరైనా దొంగచాటుగా వండుతున్నారేమోనని తనిఖీకి వచ్చాడు. అల్మారాలు చూశాడు, కిటికీ చూశాడు, ఇక వెళ్లబోతున్నాడు. సరిగ్గా అప్పుడు మంచం కింద 'టప్' మంది. నీలం బిరడా ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆయన బూటుకు తగిలి ఆగింది. నాకు భయం అప్పుడొచ్చింది.

"ఏష్ హాదా?" అన్నాడు ముదీర్. ఇదేమిటని. వంగి సీసా బయటికి లాగాడు.

"ఖల్, ముదీర్! ఖల్!" అని అరిచాడు బావ.

సొంత బావ, అడక్కుండానే కల్లని చెప్పేశాడు! నేను అడ్డుపడి, "లా, లా ముదీర్! కల్లు నహీ! జూస్ హై, జూస్!" అని మొత్తుకున్నాను. బావ నా కాలు బలంగా తొక్కాడు. (ఖల్ అంటే అరబ్బీలో వెనిగర్ అని నాకు అప్పటికి తెలియదు.) ముదీర్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సీసా వాసన చూసి, ఒక చుక్క అరచేతిలో పోసుకుని నాలుకకు తాకించాడు. ఆయన ముఖమంతా ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వల్లాహి, ఖల్!" అని ఒట్టేశాడు.

ఖల్ అంటే ఏమిటో బావ చెవిలో చెప్పాక ప్రాణం లేచొచ్చింది, వెంటనే పరువు పోయింది. బావ ఏదో అబద్ధమాడాడని సంతోషించేలోపు అది నిజమని తేలింది! నా కల్లు ఎప్పుడో పులిసి పాడై, అచ్చమైన వెనిగర్ అయి కూర్చుంది. ముదీర్ దోసకాయలు ఊరబెట్టుకోవడానికి రెండు సీసాలు చంకన పెట్టుకుని, ఇంకోసారి గదిలో ఇలాంటివి పెడితే బయటికి నెడతానని వేలు చూపించి వెళ్లిపోయాడు. బావ మంచం మీద కూలబడి, "బామ్మర్దీ, కల్లు చెడగొట్టి బతికించినవ్ రా," అన్నాడు.

మధ్యాహ్నం ఊరి నుంచి వీడియో కాల్ వచ్చింది. చాపల మీద చుట్టాలు, చేతుల్లో గ్లాసులు, నా భార్య ఒళ్లో పిడికిళ్లు బిగించుకుని నిద్రపోతున్న బిడ్డ. పేరు చెవిలో చెప్పగానే అందరూ నన్ను తాగమన్నారు. మాట తప్పడం ఇష్టం లేక ఉన్నదే స్టీలు గ్లాసులో పోసుకుని, గుటుక్కున మింగాను.

"ఏందయ్యా, కండ్లల్ల నీళ్లొస్తున్నయ్?" అంది నా భార్య.

"కల్లు జర గట్టిగున్నదే," అన్నాను.

బావ పక్కనుంచి లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నా కళ్లలో నీళ్లు తాగినదాని వల్లేనని ఆయన ఒక్కడే నమ్మలేదనుకుంటాను.

ఇప్పుడు రియాద్‌లో ఫోర్‌మన్‌ని. సెలవు అడిగే కుర్రాళ్లు నా టేబుల్ ముందుకే వస్తారు, ఇంట్లో కాన్పు అంటే పైవాళ్లతో నేనే పోట్లాడతాను. అప్పుడప్పుడూ ఆ ఇరవై నాలుగేళ్ల మొండివాడు గుర్తొస్తాడు. ఇంటికి పోలేక, ఇంటినే గదిలోకి తెచ్చుకోబోయాడు పాపం. ఎదురుపడితే ఒక్క మాట కూడా తిట్టను. పక్కన కూర్చుని, వీపు నిమిరి, నవ్వుకుంటాను.