ముసల్దాన్ని ఉడకబెట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఈ లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. నిజానికి వచ్చిన పని ఒక్కటే, నూలు ఉడకబెట్టడం. షోలాపూర్ భవాని పేట్‌లో ఒక రంగుల కార్ఖానాలో పనిచేసేవాణ్ణి. పచ్చి నూలును సోడా నీళ్ళ కాగులో వేసి, జిడ్డూ మురికీ వదిలేదాకా మరిగించి, తెల్లగా తీసి రంగు వేసేవాళ్ళకు అందించాలి. ఇరవై ఏళ్ళ వయసు, తలనిండా జుట్టు, ఆ జుట్టునిండా కొబ్బరినూనె (అద్దంలో చూసుకుంటే ఏ హీరో కూడా నా ముందు పనికిరాడనిపించేది). పెళ్ళిళ్ళ కాలంలో సాయంత్రాలు మా మేనమామతో పాటు బ్యాండులో తాళాలు కొట్టేవాణ్ణి. తాళాలకు పెద్ద విద్య అక్కర్లేదు, సిగ్గు లేకుండా ఉంటే చాలు. ఆ విషయంలో నాకు లోటు లేదు.

మామ పగలు పవర్‌లూమ్ మీద టవళ్ళు నేసేవాడు, సాయంత్రం ట్రంపెట్ ఊదేవాడు. ఆ ట్రంపెట్ ఆయన గురువుది, ఆ గురువుకు ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. ఇత్తడంతా నల్లబడింది, వేళ్ళు పట్టే చోట అరిగి గుంట పడింది, మూతి దగ్గర ఒక సొట్ట. దాన్ని మామ 'ముసల్ది' అనేవాడు. జోడ్‌భావి పేట్ బ్యాండువాళ్ళు తళతళలాడే కొత్త ట్రంపెట్లు చంకన పెట్టుకుని వచ్చి, "మాస్తర్, ఒక్కపారి ఊదనియ్యి" అని బతిమాలేవారు. ఊదితే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. మామ మీసాల్లో నవ్వుకుంటూ, "కొత్తయి మూతి వెట్టంగనే అరుస్తయి రా. ముసల్దాన్ని జర బుదరకియ్యాలె, బుజ్జగియ్యాలె. మెల్లగ ఊపిరి వోసుకుంట పోవాలె. గప్పుడు గొంతు ఇప్పుతది సూడు" అనేవాడు. ఆయన అన్నంత పనీ అయ్యేది. అప్పగింతల వేళ ఆయన కింది స్వరం అందుకుంటే పెళ్ళికూతురి తల్లే కాదు, జిలేబీలు వేసే వంటవాడు కూడా ముక్కు చీదుకునేవాడు.

ట్రంపెట్‌కు వేళ్ళతో నొక్కే వాల్వులు మూడుంటాయి. బయటికి తీస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకదాని ఇంట్లో ఇంకొకటి పెడితే గాలి ఆగిపోతుంది. ముసల్దాని మీద చెక్కిన అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకని మామ, మగ్గం మీద పోగులకు గుర్తు పెట్టినట్టే, మొదటిదాని మెడకు ఎర్ర దారం, రెండోదానికి పసుపు, మూడోదానికి ఆకుపచ్చ కట్టుకున్నాడు. ఎంత తెలివి అని మురిసిపోయాను కూడా.

ఇంతలో మా బ్యాండు సేట్‌కు కొత్త బ్యాండులను చూసి మనసు పాడయింది. ఒక పెద్ద పెళ్ళి రోజు పొద్దున్నే మామ ఇంటికొచ్చి, "మాస్తర్, ఇయ్యాల పెండ్లికొడుకు దిక్కు పుణెవాళ్ళు వీడియో తీస్తరు. గీ కాలిన పెంకు లెక్కున్నది నడవది. తళతళ చమకాలె. లేకపోతె నేనిచ్చే కొత్తది ఊదు, బస్" అన్నాడు. మామ ముసల్దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత, "దీన్ని ఒద్దంటె నన్ను ఒద్దన్నట్టే సేట్. ఇగ ఊదుడు బంద్ చేస్త" అన్నాడు. సేట్ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మామ ఊదడం మానేస్తే ఆ మనిషిలో మిగిలేదేమిటి, టవళ్ళు తప్ప?

ఒప్పుకున్న పెళ్ళి కదా అనుకున్నాడేమో, షిఫ్టుకు పోతూ మామ ముసల్దాన్ని నా చేతిలో పెట్టాడు. "ఎండు బట్టతోని తుడువు రా అల్లుడా, అంతే. నీళ్ళు తగలనియ్యకు. సంజెకు బ్యాండు కాడికి తే." తలూపాను. కార్ఖానాలో కూర్చుని గంటసేపు తుడిచాను. నలుపు నలుపుగానే ఉంది. ఎదురుగా సోడా కాగు కుతకుతలాడుతోంది. ఎంత మురికి నూలైనా ఆ కాగులోంచి మల్లెపూవులా వస్తుంది, ఇత్తడి రాదా? (చెప్పానుగా, నాకు రాని పని లేదు.) వాల్వులు ఊడదీసి, దారాలతో సహా, ట్రంపెట్‌తో సహా కాగులో వేసి మూత పెట్టాను. తీసి చింతపండుతో తోమాను. అబ్బ, ఏం మెరుపు! లోపలినుంచి ఇంత నల్లటి పెచ్చులు కూడా ఊడివచ్చాయి. మామ నన్ను భుజాల మీద ఎత్తుకుంటాడనుకున్నాను.

అప్పుడు వాల్వుల వైపు చూశాను. మూడు వాల్వులు, మూడు దారాలు, మూడూ తెల్లగా ఉన్నాయి. కచ్చా రంగు దారాలు! రోజంతా రంగుల మధ్య బతికేవాణ్ణి, సోడాలో కచ్చా రంగు నిలవదని చిన్నపిల్లలకు కూడా చెప్పేవాణ్ణి, నాకే గుర్తు రాలేదు. ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి ఊదాను. రాలేదు. మళ్ళీ మార్చాను, తిప్పి పెట్టాను, ఊదాను. చెవులు హోరెత్తాయి, బుగ్గలు నొప్పి పుట్టాయి. పక్కన రంగులు వేసే పెద్దమనిషి, "ఏంది రా, కడుపునొస్తుందా?" అని అడిగాడు. ఎన్నోసారో గుర్తు లేదు, లోపలినుంచి దూడ అరిచినట్టు ఏదో వచ్చింది. ఆ దూడ అరుపుకు నేను ఏడ్చినంత పని చేశాను. వెంటనే అప్పుడే రంగులోంచి తీసిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పోగులు తెంపి వాల్వుల మెడలకు కట్టాను. ఎవరికీ ఏమీ తెలియదని నన్ను నేను ఓదార్చుకున్నాను.

బ్యాండు దగ్గర సేట్ కళ్ళు పెద్దవి చేశాడు. "అరే వా! గిట్ల చమకాలె!" మామ మాత్రం ముసల్దాన్ని తీసుకుని, ఒకసారి చేతిలో తూచి, నా వైపు చూశాడు. నేను తాళాలు సర్దుకోవడంలో మునిగిపోయాను. ఊరేగింపు కదిలింది. గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు కెమెరావాడు, వాడి ముందు మేము. మామ ట్రంపెట్ ఎత్తి ఊపిరి తీసుకున్నాడు. బుస్స్‌మంది. ఇంకోసారి ఊదాడు. బుస్స్. డప్పులు తడబడ్డాయి. "వాజవా కీ మాస్తర్, వాజవా!" అని పుణెవాళ్ళు వాయించమని కేకలు పెడుతున్నారు. సేట్ అప్పుడే కొత్త ట్రంపెట్ పట్టుకుని జనంలోంచి తోసుకొస్తున్నాడు. భూమి చీలితే బాగుండును, తాళాలతో సహా దిగిపోదును.

మామ తన వేళ్ళకేసి చూసుకున్నాడు. ఒక వేలు ఎర్రగా, ఒకటి పసుపుగా, ఒకటి ఆకుపచ్చగా ఉన్నాయి. తడి రంగు! ఆయన నెమ్మదిగా తలెత్తి నన్ను చూశాడు. "ఉడకవెట్టినవా రా?" అన్నాడు. తలూపాను. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. చేయి నా నెత్తి మీదికి వచ్చింది, కానీ కొట్టలేదు. నా జుట్టులో వేళ్ళు పెట్టి, ఉన్న కొబ్బరినూనెనంతా పిండినట్టు లాగి, ఒక్కో వాల్వునూ సగం పైకి తీసి దానికి పూశాడు. "ఇంక వంగు" అన్నాడు. వంగాను. వందమంది చూస్తుండగా, కెమెరా నడుస్తుండగా, రెండోసారి కూడా నా తల పిండుకున్నాడు. సేట్ వచ్చి చేరేసరికి మామ కళ్ళు మూసుకుని మెల్లగా ఊపిరి పోస్తున్నాడు. ముసల్ది ముందు గొణిగింది. తర్వాత దగ్గింది. ఆ తర్వాత గొంతు విప్పింది. సేట్ కొత్త ట్రంపెట్‌ను వెనక్కి దాచుకున్నాడు. నేను నా జన్మలో అంత తప్పుగా తాళాలు ఎప్పుడూ కొట్టలేదు, కన్నీళ్ళకు కళ్ళు కనిపిస్తే కదా.

అప్పగింతలయ్యాక మామ మంటపం మెట్ల మీద కూర్చున్నాడు. "తిట్టు మామా" అన్నాను. "ఏం తిట్టాలె?" అని ముసల్దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. "సందులల్ల నుంచి గాలి పోకుంట ఆ పాత మురికే పట్టి ఆపుతుండె రా. మా గురువు జిందగీ అంత ఊదిండు. ఆయన ఊపిరంత అండ్లనే పేరుకొని ఉండె. నువ్వు ఒక్క పూటల సాఫ్ చేసినవు." నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన, "ఏడువకు. రేపటి సంది తాళాలు బంద్. రోజు సంజెకు వచ్చి దీన్నే ఊదు. ఖాళీ చేసినోనివి నువ్వే, నింపాల్సింది గుడ నువ్వే" అన్నాడు. అది శిక్ష అనుకున్నాను. మొదటి ఏడాదంతా శిక్షే, మా వాడకట్టుకు మరీనూ.

ఇప్పుడు ఊరి బయట కుంభారి కాలనీలో ఉంటున్నాను. పెళ్ళి ఉన్న రోజు ముసల్దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో పేటకు పోతాను. మామ పోయి చాలా ఏళ్ళయింది. ట్రంపెట్ మళ్ళీ నల్లబడింది, కింది స్వరం కూడా మళ్ళీ బరువెక్కింది. మొన్న మా ఆవిడ బీడీలు చుడుతూ చుడుతూ దాని వైపు చూసి, "గింత మురికి పట్టింది, సోడాల వేసి కడుగనా?" అంది. నేను లేచిన వేగానికి ఆమె చాటలో ఆకంతా చెల్లాచెదరైంది. లోపల ఇద్దరున్నారు, నేను కూడా ఇంతో అంతో ఉన్నాను, కడగనిస్తానా? కొత్త కుర్రాళ్ళు ఊదుతామని అడిగితే ఇస్తాను. వాళ్ళకు గాలే వస్తుంది, నేను మీసాల్లో నవ్వుకుంటాను. వాళ్ళకు అర్థం కానిది ఒక్కటే, ట్రంపెట్ పెట్టెలో చిన్న కొబ్బరినూనె సీసా ఎందుకుందని. ఏం చేయను, అవసరమైతే పిండుకోవడానికి నా తల మీద ఇప్పుడు జుట్టు లేదు.