కొత్త గ్రాఫిక్స్ కార్డుకు పెట్టిన బొట్టు

నాకు ముక్కు మీద కోపం. కర్నూల్లో పుట్టింట్లో ఉన్నప్పుడూ అంతే, బద్వేలుకు కోడలిగా వచ్చాకా అంతే. మా ఆయన కామెర్లతో పోయాక ఆ కోపం ఇంకాస్త పెరిగిందని అత్త అనేది. పెరగక ఏమవుతుంది? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నా ఖాళీ నుదురు చూసి నిట్టూర్చేవాళ్ళు. నిట్టూర్చి, కాఫీ మాత్రం నా చేతే కలిపించుకొని తాగి పోయేవాళ్ళు.

మా మామది ఇనుప సామాన్ల అంగడి, వెనకే ఇల్లు. మేకులు, గడియలు, పారలు, తూకానికి అమ్మే కంచెతీగ. అంగడి పక్కనే సిమెంటు బస్తాలు వేసుకునే చిన్న గది ఒకటుండేది. పెళ్ళికి ముందు నేను ఒక ప్రెస్సులో డీటీపీ పని చేసేదాన్నని మామకు గుర్తుంది. మా ఆయన ఏడాది కర్మలు అయిపోయాక ఒకరోజు నన్నేమీ అడక్కుండానే బస్తాలు తీయించి, గది కడిగించి, అందులో కంప్యూటర్ పెట్టించాడు. ఆ రోజు నేను థాంక్స్ కూడా చెప్పలేదు. గదిలో సిమెంటు దుమ్ము ఇంకా పోలేదని విసుక్కున్నాను.

ఆ గదికి అన్నం పెట్టేది పెళ్ళి పత్రికలే. బిల్లు పుస్తకాలూ కరపత్రాలూ ఎన్ని చేసినా కరెంటు ఖర్చుకే సరి. ముహూర్తాల కాలంలో వచ్చే పత్రికల పనే ఏడాదంతా నిలబెట్టేది. చిక్కంతా అక్కడే ఉంది. పెళ్ళి పత్రికకు నాలుగు మూలలా పసుపు రాసి మొదటిది దేవుడి ముందు పెడతారు. అలాంటి పత్రికను మొగుడు పోయిన ఆడది తయారు చేస్తోందంటే ఎంతమంది ఒప్పుకుంటారు? అందుకని మామ అంగట్లో కూర్చొని పత్రికలో వేయాల్సిన పేర్లూ ముహూర్తమూ రాయించుకునేవాడు, నేను గదిలో కంపోజ్ చేసేదాన్ని. ఎవరు చేస్తారని అడిగితే మా ఇంట్లోనే చేస్తారు అనేవాడు. అబద్ధమైతే కాదు.

ఆ ఏడు దసరా దగ్గర పడుతుండగా మానిటర్ మీద అడ్డగీతలు మొదలయ్యాయి. ముందు ఒకటీ రెండూ. తర్వాత దుప్పటి చారల్లాగా తెర నిండా. ఎవరో పెళ్ళికూతురి పేరు కంపోజ్ చేస్తుంటే సగం పేరు పైన, సగం కింద. కడపలో మాకు కంప్యూటర్ అమ్మిన టెక్నీషియన్‌కు ఫోన్ చేశాను. ఎండలకు గ్రాఫిక్స్ కార్డు పోయింది, మార్చాల్సిందే అన్నాడు. కొత్త కార్డును బద్వేలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. బిగించడం నీకొచ్చు గదక్కా, నువ్వే బిగించుకో అన్నాడు. అలా ఒకరు నాకు వచ్చు అనడం నాకు బాగానే ఉండింది.

కార్డు వచ్చిన మర్నాడే ఆయుధ పూజ. పూజ అయ్యాకే బిగించమన్నాడు మామ. అంగట్లో తక్కెడ, గుండ్లు, సుత్తులు, రంపాలు అన్నీ కడిగి వరసగా పెట్టారు. వాటి మధ్యలో మామ నా కార్డు డబ్బాను కూడా పెట్టాడు. అత్త పళ్ళెం పట్టుకొని ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వస్తోంది. మా మరిది కొబ్బరికాయ పట్టుకొని నిలబడ్డాడు. నేను ఎప్పటిలాగే గుమ్మం వెనకాల ఉన్నాను. అత్త డబ్బా దగ్గరికి రాగానే మామ ఆపాడు.

"దానికి నువ్వు వద్దు. అది కోడలి పనిముట్టు. కోడల్నే పెట్టనీ."

అత్త చెయ్యి గాల్లోనే ఆగింది. మరిది వాళ్ళ నాయన ముఖం వంక, నా వంక చూశాడు. ఈయనకేమన్నా మతి పోయిందా అనుకున్నాను నేను. పోనీలే వద్దు అని ఎవరైనా అంటారేమోనని ఎదురు చూశాను, ఎవరూ అనలేదు. ముందుకొచ్చి, ఉంగరపు వేలితో కుంకుమ అద్ది, అట్టడబ్బా మూత మీద చిన్న బొట్టు పెట్టి, గబగబా వంటింట్లోకి పోయాను. మా ఆయన పోయాక నా వేలికి కుంకుమ అంటడం అదే మొదలు. చెయ్యి కడుక్కోవడానికి చాలాసేపు మనసు రాలేదు. నాకెంత సంతోషమైందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు.

భోజనాలయ్యాక గదిలో కూర్చొని డబ్బా విప్పాను. లోపల కార్డు వెండి రంగు కవరులో ఉంది. కవరుకున్న స్టిక్కరు అప్పటికే లేచిపోయి ఉంది. పంపేముందు కడపలో పరీక్ష చేసి ఉంటాడులే అనుకున్నాను. చేతిలో కరెంటేమైనా ఉంటే పోవాలని కిటికీ ఊచను ముట్టుకున్నాను. పాత కార్డు పెరికి, కొత్తది గాడిలో పెట్టి, చివర కొక్కెం టక్కుమనేదాకా అదిమి, మర బిగించి, మానిటర్ వైరు దానికి తగిలించాను. స్విచ్చి వేశాను.

ఫ్యాను తిరిగింది. లోపలి నుంచి ఒక పొడుగు కూత, వెనకే రెండు పొట్టి కూతలు. తెర మాత్రం నల్లగా అలాగే ఉంది. మానిటర్ కిందున్న చిన్న దీపం ఆకుపచ్చగా మారాల్సింది, పసుపుపచ్చగా మినుకుతోంది.

మా ఫోను అంగట్లో ఉండేది. దాని వైరు గది దాకా రాదు. మామ ఫోను పట్టుకొని కడప నుంచి టెక్నీషియన్ చెప్పింది చెప్పినట్టు కేకేసేవాడు, నేను గదిలో నుంచి జవాబు అరిచేదాన్ని. మానిటర్ వైరు పాత బొక్కలో పెట్టినావేమో చూడమంటాండాడు అని మామ. అంత తెలివితక్కువదాన్నేం కాదని చెప్పమని నేను. ర్యామ్ ఊడదీసి మళ్ళీ పెట్టమంటాండాడు. పెట్టాను. కార్డును ఒకసారి పెరికి గట్టిగా అదమమంటాండాడు. అదిమాను. మేకులు కొనడానికి వచ్చిన రైతు ఒకాయన, ఎవరికో బాగలేదనుకొని, డాక్టరు దగ్గరికి పోరాదా అని అడిగాడు. అప్పటికింకా మామా నేనూ నవ్వుకుంటూనే ఉన్నాం.

చివరికి పాత కార్డు తిరిగి పెట్టి చూడమన్నాడు టెక్నీషియన్. పెడితే గీతలతోనే అయినా తెర వెలిగింది. కొత్తది పెడితే చీకటి. ఇక అనుమానమే లేదు, లోపం కొత్త కార్డులోనే. మామ ఫోను పెట్టేసి గది గుమ్మంలోకి వచ్చాడు. నవ్వు లేదు. ఆయన కార్డు వంక చూడలేదు. నా చేతి వంక చూశాడు. కావాలని చూడలేదు, నాకు తెలుసు. కానీ చూశాడు.

ఆ మాట నోటితో అన్నవాడు మా మరిది. చెడ్డవాడు కాదు. వాళ్ళన్న ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పక్కన నేల మీద పడుకున్నవాడు. రాత్రి అంగడి కట్టేసి వచ్చి మెల్లగా మొదలుపెట్టాడు.

"వదినా, తప్పుగా అనుకోవద్దు. పెండ్లి పత్రికలు మానుకో. బిల్లు బుక్కులు చేసుకో, చాలు. ఈ పొద్దు కార్డు పోయింది. రేపు పత్రిక ఇచ్చినోళ్ళ ఇంట్లో ఏమన్నా అయితే మననే అంటారు."

నాకు తల తీసేసినట్టయింది. ఇంకో రోజైతే ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచేదాన్ని.  ఆ రోజు మామ ఏమైనా అంటాడని చూశాను. గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకొని, ఆలోచిద్దాంలే అన్నాడు. కుంకుమ పెట్టమన్న మనిషే ఆలోచిద్దాంలే అన్నాక ఇంకెవరితో పోట్లాడాలి? అత్త వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఒక్క మాట మాట్లాడలేదు. పత్రికల పని పోతే గది పోయినట్టే, గది పోతే నేను మళ్ళీ కాఫీలు కలిపే కోడలినే. ఆ రాత్రి నా చెయ్యిని నేనే నాలుగైదు సార్లు తిప్పి చూసుకున్నాను. అంత చదువుకున్నదాన్ని, నాకూ అనుమానం వచ్చింది. అదే అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది.

తెల్లారి దశమి. మామ అంగడి తలుపులు తెరిచి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు, గది వంక రాలేదు. నేనే ఫోను చేశాను. టెక్నీషియన్ పండగ పూట ఇంట్లో ఉన్నాడు, పాపం విసుక్కోలేదు. కొత్త కార్డు అంత తొందరగా చావదక్కా అన్నాడు. గాడిలో దిగే అంచున బంగారు రంగు పళ్ళు ఉంటాయి కదా, వాటిని పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రెండు వైపులా రుద్ది చూడు, తేమ పట్టి ఉంటుంది అన్నాడు.

గది ముందు ఎండలో పాత పేపరు పరుచుకొని కూర్చొని రుద్దాను. రబ్బరు పొట్టు నల్లగా వస్తుందనుకున్నాను. పసుపుపచ్చగా వచ్చింది. ఇంకో వైపు రుద్దాను, అదీ పచ్చగానే. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన. బంగారు పళ్ళ మీద పసుపు ఆరిపోయి పొరకట్టి ఉంది. రంగులో రంగు కలిసిపోయి నిన్న నా కంటికి ఆనలేదు. పళ్ళ సందుల్లో రుద్దితే ఎర్రటి నలక కూడా రాలింది.

నేను పెట్టింది మూత మీద. కవరు నేను విప్పకముందే స్టిక్కరు లేచి ఉంది. ఆ ఇంట్లో పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకున్నది ఒక్కరే. నా ఒళ్ళు మండిపోయింది. నా బొట్టు చాలదని, నా బొట్టు బొట్టే కాదని, వెనకనుంచి వచ్చి మళ్ళీ పెట్టింది. పెట్టి, రాత్రి నన్ను దోషిని చేస్తుంటే గుమ్మంలో నిలబడి విన్నది. ఆ పేపరు అలాగే పట్టుకొని వంటింట్లోకి పోయి, అత్త తరుగుతున్న వంకాయల పక్కన పెట్టాను.

"ఇదేందత్తా?"

అత్త ఆ పచ్చటి పొట్టును వేలితో అంటుకొని చూసింది. మొదట అర్థం కాలేదు. నేను చెప్పాను, పసుపు అడ్డం పడితే కరెంటు పారదనీ, అందుకే తెర వెలగలేదనీ. గట్టిగానే చెప్పాను. అత్త కత్తిపీట పక్కకు జరిపింది.

"నువ్వు పెట్టినంక ఏమన్నా అయితే నిన్నంటారని భయమేసిందే. నాది గూడా ఉంటే ఏమీ కాదులే అనుకున్యా. పైన పెడితే నీది చెరిపినట్లుంటాదని లోపల పెట్టినా, ఆ బంగారం మాదిరి ఉండే చోట. తడిగా ఉండాదని కొంగుతో తుడిచినా గూడా."

"మరి రాత్రి నోరు మూసుకొని ఎందుకుండావు?"

 అత్త నా ముఖంలోకి చూసే చెప్పింది.

"నేను పెట్టినా గూడా చెడిపోయిందే అని, నేనూ నీ చెయ్యే అనుకున్యా."

ఆ మాటకు నాకు కోపం రావాల్సింది. రాలేదు. అంత నిజం నాతో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. గదిలోకి వచ్చి మిగిలిన పసుపు కూడా రుద్దేసి, పొడిగుడ్డతో తుడిచి, కార్డు గాడిలో పెట్టి స్విచ్చి వేశాను. ఒక్కటే పొట్టి కూత. దీపం ఆకుపచ్చగా మారింది. తెర వెలిగింది, గీత ఒక్కటి లేదు. కార్డుకు కావాల్సిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇంకా వేయలేదు కాబట్టి అక్షరాలు ఒకటో తరగతి వాచకంలోలాగా ఇంతింత లావున ఉన్నాయి, రంగులు వెలిసిపోయినట్టున్నాయి. అయినా ఏడుపొచ్చింది నాకు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మామ, మరిది గది ముందు ఆగిపోయారు. వెలిగిందే, ఏమైండె అని మామ ముఖం ఇంత చేసుకొని అడిగాడు. వైరు వదులైందని చెప్దామనుకున్నాను. అత్తను వాళ్ళ ముందు నిలబెట్టాలని పొద్దున ఉన్న కసి అప్పటికి నాలో లేదు. నోరు తెరిచేలోపే అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేను పెట్టిన పసుపు కుంకుమతో ఆగిపోయిండాది. కోడలు పెట్టింది మూత మీద అట్లే ఉండాది, దాంతో ఏమీ కాలా. చెడగొట్టింది నా చెయ్యి."

మరిది వెంటనే అడ్డం వచ్చాడు. "ఊరుకోమ్మా, నీ చెయ్యి ఏం చేసింది? పసుపు అడ్డం పడితే ఎవురు పెట్టినా ఆగిపోతాది. అది కరెంటు సామాను. దానికి చేతులతో ఏం పని?"

అత్త కొడుకు వంక అలాగే చూసింది.

"నిన్న ఈ మాట యాడ పోయింది రా?"

 మామ తల పక్కకు తిప్పుకొని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అత్త స్టూలు లాక్కొని నా పక్కన కూర్చొని, అక్షరాలు అంత లావుగా ఎందుకుండాయని అడిగింది. ఇంకా డ్రైవర్ వేయాలని చెప్పాను. అయితే వెయ్యి, అన్నం తర్వాత తిందాం అంది.