చింతపండుతో తోమిన రివాల్వర్

మా ఇంట్లో చారుకు చింతపండు ఎప్పుడూ ఒక గుప్పెడు ఎక్కువే పడుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆ మాట అని చూశాను. మా అత్తగారిది కమలాపురం దగ్గర పల్లె. వాళ్ల చేను గట్టున చింతచెట్లున్నాయి, ఏటా బాన నిండా చింతపండు మా ఇంటికొస్తుంది. దాన్ని తిని ఖాళీ చేయడం అల్లుడి బాధ్యత అని తర్వాత అర్థమైంది. పళ్లు పులిసినా నోరు మెదపకుండా తింటూ వచ్చాను. చింతపండుతో నా తగాదా అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

నేను పాత రివాల్వర్లు సేకరిస్తాను. కర్నూల్లో ఈ మాట అంటే ఎదుటివాడు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటాడు. అందుకే వెంటనే చెప్పేస్తాను: అవి పేలవు, పేలవని కాగితం కూడా ఉంది. నాకు కావలసింది వాటి ఒంటి మీది చెక్కుడు పని. మనిషిని చంపే వస్తువు మీద ఎవరో అంత ఓపికగా తీగెలూ ఆకులూ ఎందుకు పాకించారన్నది నాకు ఇంతవరకూ తేలలేదు. మా పక్కింటాయనకు మాత్రం ఈ విషయంలో ఏ గందరగోళమూ లేదు.

"పూలు, తీగెలు కావాలంటే ఒక చీర కొనుక్కుంటే సరిపోయేది గదప్పా!"

నా దగ్గర ఉన్నవి మూడు. రెండు మామూలువి. గోలంతా మూడోదానితోనే. దాని గొట్టం పొడవునా ఒక తీగె, తీగె చివర మెడ పక్కకు తిప్పి చూస్తున్న పిట్ట. అది చూస్తున్న వైపు ఏమీ లేదు, ఖాళీ. బయటికి తీసినప్పుడల్లా ఆ ఖాళీ నన్ను గిల్లుతూ ఉండేది. పోయిన వేసవిలో కడపలో ఒక పెద్దాయన ఇంట్లో దాని జత కనిపించింది. ఆయన తాతగారిదట. అదే తీగె, అదే పిట్ట, కాకపోతే ఇది ఇటు తిరిగి చూస్తోంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి.

"నీది పట్టుకోని రా బేటా, దసరా అయినాంక" అన్నాడు పెద్దాయన. "రెండు పిట్టలూ ఒకే చేతివైతే నాది నీకే ఇస్తా. జోడీని విడదీసి పెట్టుకోని నేనేం జేసుకోవాల?"

అంతే, ఆ రోజు నుంచి నాకు కుదురు పోయింది. బీరువా తీయడం, పిట్టను చూడడం, మూయడం, మళ్లీ తీయడం. "ఆ తలుపుకు నోరుంటే మిమ్మల్ని తిట్టుండేది" అంది మా ఆవిడ.

దసరాకు అత్తగారు వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఇంట్లో ఆయుధాలంటే కత్తిపీట, స్క్రూడ్రైవర్, స్కూటర్. గుమ్మడికాయ కోసం బజారుకు పోయి వచ్చేసరికి దేవుడి ముందు పీట మీద, కత్తిపీట పక్కన, నా మూడో రివాల్వర్ తళతళలాడుతోంది. పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మీద ఒక చామంతి పువ్వు.

"ఇంట్లో అసలైన ఆయుధం పెట్టుకోని కత్తిపీటకు మొక్కుతారా ఎవురన్నా?" అంది అత్తగారు. "శానా మసిబట్టి ఉండాదప్పా. చింతపండు, బూడిద ఏసి పొద్దున్నుంచి తోమినా. ఇప్పుడు చూడు, ఎట్ల మెరుస్తాండాదో!"

అది మసి కాదు. పాత ఉక్కుకు పట్టించిన నీలి నలుపు. చెక్కిన గీతల్లో ఆ నలుపు నిలిచి ఉండబట్టే పిట్ట పిట్టలా కనిపించేది. రెక్క అంచున సన్నటి బంగారు పూత కూడా ఉండేది. ఇప్పుడు నలుపు లేదు, బంగారం లేదు. గీతల్లో మిగిలింది పసుపు.

మా ఆవిడ నావైపు చూసింది.

"బాగుండాది అత్తా" అన్నాను. ఆ పూట చారు రెండోసారి కూడా పోయించుకున్నాను.

పండగ దాటగానే కడప బస్సెక్కాను. పోకుండా ఉంటే సరిపోయేది, ఉండలేకపోయాను. గీతలు గీతలే కదా అని నంద్యాల దాకా, ఆయన కంటికి ఆనకపోవచ్చు కదా అని మైదుకూరు దాకా నాకు నేనే చెప్పుకున్నాను. సంచిని ఈ తొడ మీద నుంచి ఆ తొడ మీదికి మారుస్తుంటే పక్క సీటాయనకు విసుగు పుట్టింది.

"ఏముండాదప్పా అందులో, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు?"

"పూజ సామాను" అన్నాను. అబద్ధమేమీ కాదు.

పెద్దాయన తన పెట్టె తెచ్చి మూత తీశాడు. మఖమల్ గుడ్డ మీద ఆయన పిట్ట నల్లగా, నిండుగా, రెక్క అంచున బంగారంతో ఉంది. దాని పక్కన నాది పెట్టాను. కొత్త స్టీలు గరిటెలా ఉంది. ఆయన భూతద్దం పట్టుకుని తీగె మొదలు నుంచి ఆకు ఆకూ చూసుకుంటూ పోయాడు. టీ వచ్చింది, చల్లారింది. నేను లేచి కిటికీ దాకా పోయాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను.

"ఒకే చెయ్యి" అన్నాడు చివరికి. "ముక్కు వంపు చూడు, రెండిటికీ ఒకటే. జోడీనే బేటా, అనుమానం లేదు."

కూర్చున్నాను.

ఆయన నా పిట్ట రెక్క మీద బొటనవేలు రాసి, వేలిని వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. పచ్చగా ఉంది.

"ఇదేంది?"

చెప్పాను. ఆయుధపూజ, అత్తగారు, బూడిద, చింతపండు. నవ్వితే పని అవుతుందేమోనని చారు సంగతి కూడా కలిపాను. ఆయన నవ్వాడు, కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. నవ్వుతూనే తన రివాల్వర్‌ను మఖమల్‌లో సర్ది, పెట్టె మూత వేశాడు.

"జోడీ అయితే జోడీనే. కానీ నేనియ్యనప్పా. వచ్చే దసరాకు దీన్ని గూడా తోముతారు మీ ఇంట్లో."