తప్పంతా గురిరేకుదే

డెల్బర్ట్ స్టకీ యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు. తప్పిందల్లా అతని రివాల్వరే. ఈ మాట నాది కాదు, డెల్బర్ట్‌ది. ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఊరి కంకర గుంట దగ్గర కాగితం మీదికి ఆరు గుండ్లు పేల్చి, ఆరూ వెనకాల మట్టిగట్టుకి సమర్పించుకుని, తుపాకీని జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూసి చెప్పేవాడు.

"గురిరేకు బాలేదు లోర్నా. రాసుకో."

"సున్నా రాసుకున్నా."

"పక్కన కారణం కూడా రాయి."

అమెరికా ఉత్తరాన మా మోంటానాలో శీతాకాలం ఎనిమిది నెలలు. తక్కిన నాలుగు నెలలూ శీతాకాలం గురించి మాట్లాడుకుంటాం. అలాంటిచోట శనివారం గుంటే మాకు గుడీ, బడీ, సంతాను. మిగతా రోజుల్లో దాణా కొట్టు నడిపే నేను, అక్కడ పదకొండేళ్ళుగా మార్కులు వేస్తున్నాను. అందరికన్నా తక్కువ కొట్టినవాడు, అందరికీ మాంసం, చిక్కుడుగింజలతో చిల్లీ వండిన గుండిగ తోమాలని నియమం. ఆ గుండిగలో దూడ స్నానం చేయొచ్చు. మూడేళ్ళుగా దాన్ని తోముతున్నది డెల్బర్టే.

గురిరేకంటే పెద్ద వస్తువేం కాదు. గొట్టం కొసన నిక్కి ఉండే గోరంత ముక్క ఒకటి, వెనకవైపు గాడి ఉన్న ముక్క ఇంకోటి. గాడిలోంచి ముందుదాన్ని చూసి కొట్టాలి. అంత చిన్న ఇనపముక్క మీద అన్ని నేరాలు మోపిన మనిషిని నేనెక్కడా చూడలేదు. నల్లరేకు ఎండకి కనపడలేదన్నాడు. ఇత్తడిది వేయించి, మెరుస్తోందన్నాడు. భార్య గోళ్ళరంగు పూసి, చలికి రంగు ముడుచుకుపోయిందన్నాడు. చీకట్లో పచ్చగా వెలిగేది తెచ్చిన రోజున నేను ఉండబట్టలేకపోయాను.

"ఇది మిట్టమధ్యాహ్నం కదా డెల్బర్ట్."

"అదే వచ్చిన చిక్కు. దీనికి అలవాటు లేని టైము."

ఇక తుపాకీ మేస్త్రీల సంగతి. చుట్టుపక్కల రెండువందల మైళ్ళలో అతను తొక్కని గడప లేదు. ఒకాయన రెండోసారి రావద్దన్నాడు. ఒకాయన ఇతని ట్రక్కు చప్పుడు వినగానే తలుపుకి 'చేపలకు వెళ్ళాను' అన్న బోర్డు తగిలించేవాడు, ఫిబ్రవరిలో కూడా. ఇంకొకాయన మేస్త్రీపనే మానేసి తేనెటీగలు పెంచుకుంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని గుంటలో అందరూ నవ్వేవాళ్ళు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

నవ్వని మనిషి ఒక్కడే, వర్జిల్ ఆముండ్‌సన్. ఎనభై రెండేళ్ళు. గుంటని మొదలెట్టినవాడు. పద్నాలుగు మైళ్ళ అవతల కొండకింద ఒంటరిగా ఉంటాడు. శనివారం మాత్రం గడ్డం గీసుకుని, టై కట్టుకుని దిగుతాడు. వారం మొత్తానికి ఆయన మనుషులతో మాట్లాడేది ఆ పూటే. ఎప్పుడో చెప్పాడు: "నేను అందరికన్నా అడుగున వచ్చిన రోజున తుపాకీ మేక్కి తగిలించి ఇంట్లో కూచుంటా." వర్జిల్ మాటంటే మాటే. బావమరిది గడప తొక్కనని ఒకసారి అన్నందుకు, అతని షష్టిపూర్తికి బయట మంచులో నిలబడి కిటికీలోంచి కేకు తిన్నాడు.

ఈమధ్య ఆయన చూపు మందగించింది. కాగితం చేతిలో ఉంటే చీమ కాళ్ళు లెక్కపెడతాడు. పాతికగజాల దూరాన పెడితే కాగితమెక్కడో, గట్టెక్కడో తెలియదు. అయినా ఆరింట్లో రెండు తగిలేవి. అదృష్టం ముసలివాళ్ళమీద జాలిపడుతుంది.

డెల్బర్ట్‌మీద మాత్రం వర్జిలే జాలిపడేవాడు. ఆట అయ్యాక ఆయన, డెల్బర్ట్ కొట్టిన కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని, అంచున చిరిగిన చోటు చూసి, జేబులోంచి గడియారాల స్క్రూడ్రైవర్ తీసి, గురిరేకు మర సరిగ్గా ఎంత తిప్పాలో అంతే తిప్పి, మళ్ళీ కదలకుండా జిగురు చుక్క వేసి ఇచ్చేవాడు. మరుసటి శనివారానికి డెల్బర్ట్ ఇంకో కొత్తరేకుతో వచ్చేవాడు. ఎంత కృతఘ్నుడో అనుకునేదాన్ని.

పోయిన వేసవిలో ఒకరోజు వర్జిల్ అన్నాడు. "ఒరే అబ్బాయ్, ఆట అయ్యాక సరిచేసి ఏం లాభంరా. వచ్చేవారం మొదలెట్టకముందే చూస్తా. నువ్వు బాగా కొట్టడం చూసి చావాలని ఉంది నాకు."

డెల్బర్ట్ మొహంలో నెత్తుటిచుక్క లేదు.

ఆ మంగళవారం నేను పన్ను పీకించుకోడానికి బిల్లింగ్స్ పట్నానికి వెళ్తుంటే, తనూ వస్తానని ఎక్కాడు. ఆ దారిలో రెండువందల మైళ్ళు దాటాక తను ఇంకా చూడని మేస్త్రి ఒకామె ఉందట. ఒపల్ ట్రాస్క్ అని, కళ్ళద్దాలు నుదుటిమీద పెట్టుకుని, ఎదుటివాణ్ణి అబద్ధంలా చూసే మనిషి. ఆమె రివాల్వర్ తీసుకుని షెడ్డు వెనక ఇసుకబస్తాలమీద ఆనించి పేల్చింది. వెనక్కి వచ్చి కాగితం బల్లమీద పరిచింది. ఆరు చిల్లుల్నీ ఒక కాఫీ కప్పుతో మూసేయొచ్చు.

"సూటిగా ఉంది. నీకేం కావాలి?"

"లోర్నా, బయట కుక్క బాగుంది, చూసిరా," అన్నాడు డెల్బర్ట్.

"చూశాను. మామూలు కుక్క," అని అక్కడే కూచున్నాను.

డెల్బర్ట్ టోపీ తీసి నలిపాడు. "కుడికి వంకరగా పెట్టాలండి. కాగితం తప్పేంత. మర ఉండకూడదు. ఎవరూ తిప్పలేకుండా అతికించెయ్యాలి."

ఒపల్ కళ్ళద్దాలు కిందికి దించింది. "దీన్ని మా ఇంట్లో పాడుచేయడం అంటారు. ముప్పై ఏళ్ళ పేరు నాది."

అప్పుడు చెప్పాడు, వర్జిల్ గురించి, మేకు గురించి, ఎవరో ఒకరు ఆయనకన్నా అడుగున ఉండాల్సిన అవసరం గురించి. నాకు పీకాల్సిన పన్ను ఏదో కూడా మర్చిపోయాను.

"మరి కావాలని తప్పు కొట్టొచ్చుగా," అంది ఒపల్.

"కొట్టి చూశానండి. చెయ్యి వినదు, నడిమధ్యకే పోతుంది. పైగా పెద్దాయన్ని మోసం చేసినట్టుంటుంది. నేను మాత్రం నిజాయితీగా గురి చూస్తా. తుపాకీ అబద్ధమాడితే దాని ఖర్మ."

ఒపల్ కళ్ళద్దాలు మళ్ళీ నుదుటిమీదికి తోసింది. "చేస్తాను. కానీ చేసిందెవరో చచ్చినా చెప్పకూడదు. చెప్తే నీ ట్రక్కు కూడా వంకరచేస్తా."

శనివారం వర్జిల్ టైతో, స్క్రూడ్రైవర్‌తో సిద్ధంగా ఉన్నాడు. డెల్బర్ట్ రివాల్వర్‌ని తన ముక్కుకి ఆనించుకుని మరకోసం వెతికాడు. తిప్పి వెతికాడు. బోర్లించి వెతికాడు.

"ఎవడ్రా ఈ దరిద్రపు పని చేసింది?"

"చెప్పనని మాటిచ్చాను."

"చెప్పకు. వాడికి సిగ్గుంటే చాలు."

డెల్బర్ట్ నిలబడి, ఊపిరి బిగబట్టి, లోకంలోకెల్లా నిజాయితీగా గురిచూసి ఆరు గుండ్లూ మట్టిగట్టుకి అప్పగించాడు. వర్జిల్‌కి ఆ రోజు ఒక్కటే తగిలింది, అదీ కాగితం మూలకి. ఒక్కటి చాలు. నేను సున్నా రాసి, పదకొండేళ్ళలో మొదటిసారి, పక్కన కారణం రాశాను: గురిరేకు బాలేదు.

వర్జిల్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేశాడు. గుంటంతా వినేలా చెప్పాడు. "ఈ శీతాకాలంతో మానేద్దామనుకున్నాను. మోకాళ్ళు సహకరించట్లేదు. కానీ వీణ్ణి ఇలా వదిలేసి పోతే పైకి పోయాక నాకు మొహం చెల్లదు. ఒరే డెల్బర్ట్, నీకు గురి కుదిరేదాకా నేను ఒక్క శనివారం మానను. ఇది నా మాట."

వర్జిల్ మాటంటే ఏమిటో మీకు చెప్పాను కదా.

డెల్బర్ట్ చొక్కా చేతులు పైకి మడిచి గుండిగలోకి తలదాకా దూరాడు. లోపల్నుంచి గొంతు మోగుతూ వినబడింది.

"జిడ్డు వదలట్లేదు లోర్నా. ఈ సబ్బు బాలేదు."

"అవును, సబ్బుదే తప్పు," అని పీచు తీసుకుని నేనూ అవతలివైపు నుంచి తోమడం మొదలెట్టాను.