అరవై ఒకటో పలక

బస్సంతటికీ ఖాళీగా ఉన్నది ఒక్కటే సీటు. దాని మీద దుప్పటి చుట్టిన ఒక చెక్క కూర్చుని ఉంది.

"కాస్త దీన్ని కింద పెడితే నేను కూర్చుంటానమ్మా" అన్నాను పక్క సీట్లో ఉన్నావిడతో.

"దానికి టికెట్టుంది పెద్దాయనా."

వేళాకోళమనుకున్నాను. వెనక నుంచి కండక్టరు అందుకున్నాడు. "నిజమేనండీ, నేనే కొట్టాను. టాపు మీద వెయ్యమ్మా అంటే, వానొస్తే దాని మీద నువ్వు పడుకుంటావా అని అడిగింది. నా సర్వీసులో చెక్కకి టికెట్టు కొట్టడం ఇదే మొదలు."

"చెక్క కాదు, పలక" అంది ఆవిడ, అతని వైపు చూడకుండానే.

కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఎండిన బెత్తంలా ఉంది. కట్టుకున్న బట్ట సరిగ్గా రెండు మోకాళ్ళ దగ్గరే అరిగి పలచబడింది. రాళ్ళు పరిచేవాళ్ళనీ, నేలలు తుడిచేవాళ్ళనీ చాలా ఊళ్ళలో చూశాను కనుక, మోకాళ్ళ మీద బతికే పనేదో చేస్తుందని మాత్రం అర్థమైంది.

అరగంటకి బస్సు కింద ఏదో ఫెళ్ళుమంది. డ్రైవరు దిగి, చక్రాల మధ్యకి వంగి చూసి, లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. డ్రైవరు అలా నిలబడ్డాడంటే పూటకి తక్కువ పట్టదని నా అనుభవం. అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి సణుగుతుంటే, ఆవిడొక్కతే పలకని మెట్ల మీదుగా దింపుకుంటోంది.

"ఎంత దూరమమ్మా?"

"మైలున్నర."

"ఇంత బరువు మోసుకునా?"

"అది నన్ను మోస్తుందా మరి?"

నాకు ఒక చోట కాలు నిలవదు. ఏ బస్సు ముందొస్తే అది ఎక్కడం నలభై ఏళ్ళ అలవాటు. ఆ రోజు కూడా నేను వెళ్ళితీరాల్సిన చోటంటూ ఏదీ లేదు. రెండో కొస పట్టుకున్నాను. పట్టుకున్నాక గానీ అది ఎంత బరువో తెలియలేదు, అప్పటికి వదలడానికి మొహమాటం అడ్డొచ్చింది.

నడుస్తూ, వంద అడుగులకోసారి ఆగుతూ, ఆవిడ చెప్పుకొచ్చింది. తమ ఊళ్ళో పెద్ద హాలుంది. ఎనిమిది వేలమంది పడతారు. మొదట యంత్రాల ప్రదర్శన కోసం కట్టారు. ప్రదర్శన మూడు వారాల్లో అయిపోయింది, హాలు మిగిలింది. ఇంత కప్పు కింద ఏం చెయ్యాలో ఎవరికీ తోచక, అడిగినవాళ్ళందరికీ ఇచ్చారు. కుస్తీలు, సర్కసు, పాటల కచేరీలు, ఉద్యోగ పరీక్షలు, ఓట్ల లెక్కింపు, రక్తదానాలు, కుక్కల అందాల పోటీ. ఆ పోటీ అయ్యాక రెండు రోజులు కడగాల్సి వచ్చిందట. బాస్కెట్‌బాల్ పెట్టాలనుకున్నాక, కాంక్రీటు మీద పరిచి, అక్కర్లేనప్పుడు ఎత్తేసే చెక్క నేల తెప్పించారు. రెండువందల పదహారు పలకలు. ప్రతి పలకకీ ఒక పక్క నాలుకలా సన్నటి అంచు, ఇంకో పక్క గాడి. ఒకదాని నాలుక ఇంకోదాని గాడిలో దూరితే నేల ఒక్క ముక్కవుతుంది. వరసల చివర్లలో మాత్రం సగం పలకలు. మేం మోస్తున్నది అలాంటిదే.

"ఆ నేల పరిచేదాన్ని నేను. ముప్ఫై ఆరేళ్ళ బట్టీ. అందరూ పలకమ్మ అంటారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంటుందనుకుంటా."

కట్టడాల గురించి నేను చాలా చదివాను. గుమ్మటాల మీద పేజీలకి పేజీలు రాస్తారు, స్తంభాల కొలతల మీద పండితులు కొట్టుకుంటారు. నేల గురించి రెండు వాక్యాలు రాసినవాణ్ణి చూడలేదు. లోపలికొచ్చిన ప్రతివాడూ తలెత్తి చూసి ఆహా అంటాడు. వాడు నిలబడింది దేని మీదో వాడికి పట్టదు. నేనూ అలాంటి వాడినే అని ఆ మైలున్నరలో తెలిసింది.

"ఇప్పుడు దీనికేమైంది?"

"నాలుక విరిగింది. మొన్న నేను జ్వరంతో రాలేదు. కొత్త పనివాడు సుత్తితో కొట్టాడు." ఆమె ఆగి, చెయ్యి మార్చుకుంది. "రేపు నాలుగింటికి ఆటల సంఘం నుంచి పరీక్షించేవాళ్ళు వస్తారు. బంతి వేసి చూస్తారు. ఎక్కడైనా బంతి పైకి లేవక చచ్చిందా, ఇక చెక్క నేల తీసేసి రబ్బరు పరుపు పరిచేస్తానన్నాడు మేనేజరు. ఒకసారి అతికిస్తే ఇక ఎత్తేదీ పరిచేదీ ఉండదు. కొటేషను కూడా తెప్పించుకున్నాడు."

"అప్పుడు నీ ఉద్యోగం?"

"ఊడ్చే పని ఇస్తారట. ఊడవడం నాకు రాదా? దాని గురించి కాదన్నయ్యా. బాగున్నదాన్ని బాగాలేదని పారేస్తుంటే చూస్తూ ఊరుకోను."

పెద్దాయన కాస్తా అన్నయ్యనయ్యాను. బరువు సగం పట్టినందుకు దక్కిన హోదా అది.

మేం చేరింది ఆవిడ బావగారి వడ్రంగి కొట్టం. అక్క మొగుడు. ఆ నేలని మొట్టమొదట బిగించే ఒప్పందం ఆయనదే. పంతొమ్మిదేళ్ళ మరదలు పనివాళ్ళకి మంచినీళ్ళు మొయ్యడానికి వెళ్ళి, పలకలు మొయ్యడం నేర్చుకుంది. ఆయన ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్ళో వణుకుతున్నాయి.

"ఏమే, రెండేళ్ళకి గుర్తొచ్చానా?"

"నువ్వెందుకు గుర్తొస్తావు బావా? నీ చిత్రికపట్టె గుర్తొచ్చింది."

"ఈయనెవరు, కూలికి తెచ్చావా?"

"దారిలో దొరికాడు. మంచివాడే, అడుగడుక్కీ ఆయాసపడతాడు."

దుప్పటి విప్పగానే ఆయన నవ్వు ఆగిపోయింది. వంగి అంచు చూశాడు. పలక వెనక్కి తిప్పమన్నాడు. అక్కడ నల్లరంగుతో 61 అని ఉంది.

"దీన్ని ఎక్కడ పెట్టి కొట్టారు?"

ఆమె దుప్పటి మడతపెడుతోంది.

"అరవై ఒకటో చోట పెట్టారు కదూ?"

"నంబరు అదే ఉంటే అక్కడే పెడతారు మరి."

"నువ్వింకా చెప్పలేదా? ఇన్నేళ్ళయినా?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ముప్ఫై ఏళ్ళ కిందట ఊరి మీద నీళ్ళొచ్చాయి. హాలు కాస్త ఎత్తులో ఉందని తొమ్మిదివందల మంది అందులో తలదాచుకున్నారు. కాంక్రీటు మీద తడి నిలిచిందని ఇటుకలు పేర్చి, వాటి మీద ఈ పలకలేసి జనాన్ని పడుకోబెట్టారు. పదకొండు రోజులు. అరవై ఒకటో పలక ఒక బాలింతకి ఇచ్చారట. నీళ్ళు తీశాక పలకలు ఉబ్బిపోయాయి. నెల్లాళ్ళు నీడన ఆరబెట్టి మళ్ళీ పరిస్తే, అరవై ఒకటీ ఎనభై నాలుగూ ఎంత చేసినా వాటి చోట్లలో దిగలేదు. అటుది ఇటూ ఇటుది అటూ పెట్టి చూస్తే కొంచెంలో ఆగాయి. ఆ కొంచెం చెక్కనీ ఆమె చిత్రిక పట్టి తీసేసింది. బిగుసుకున్నాయి. రెండింటి మీదా ఆటస్థలం తెల్లగీత ఒకే చోట పోతుంది కనుక కంటికి తేడా తెలియదు. నంబర్లు మాత్రం మార్చలేదు.

"అప్పటికి నేను మేస్త్రీనై పదిహేను రోజులు కూడా కాలేదు" అంది ఆమె, నాతో కాదు, పలకతో. "ఆడదాన్ని పెడితే ఇలాగే పాడుచేస్తుందంటారని పైవాళ్ళెవరికీ చెప్పలేదు. నా దగ్గర పనిచేసిన ప్రతివాడికీ నోటితోనే నేర్పాను, అరవై ఒకటి వస్తే ఎనభై నాలుగులో పెట్టరా అని. మొన్న నేను లేను. కొత్తవాడు ఎవర్నీ అడక్కుండా కాగితం చూసి పెట్టాడు."

"అయితే విరగ్గొట్టింది వాడా, నువ్వా?"

"బావా, ముందు అతికించు. తిట్లు తర్వాత."

"నా చేతులు చూశావా? గరిటె పట్టుకోలేకపోతున్నాను. ఉలి పడితే నీ పలకతో పాటు నా వేలు కూడా పోతుంది."

"నీ నోరు బాగానే ఆడుతోంది కదా, అది చాలు. చేతులు నేను పెడతాను."

అక్క లోపల్నుంచి వచ్చి, "భోంచేసి కొట్టుకోండి" అంది. ఎవరూ వినలేదు. నేను విన్నాను.

ఆ మధ్యాహ్నమంతా ఆయన చెప్పడం, ఆమె చెయ్యడం. విరిగిన నాలుకని మొదలంటా కోసేసింది. ఆ మందాన లోతుగా గాడి తీసింది. గట్టి చెక్క నుంచి కొత్త నాలుక చీల్చి జిగురుతో దిగేసింది. "వెంట్రుకవాసి ఎక్కువ" అంటాడాయన, నాలుగడుగుల దూరం నుంచి. "నీ కళ్ళు పోయాయి బావా" అంటుంది. కొలిచి చూస్తే వెంట్రుకవాసి ఎక్కువే ఉంటుంది. నోరు మూసుకుని తీసేస్తుంది. సాయంత్రానికి పలకని బిగింపుల్లో పెట్టారు. తెల్లారేదాకా దాన్ని తాకడానికి వీల్లేదన్నాడు.

పొద్దున్న బిగింపులు విప్పాక ఆయన ఆ అంచు మీద తన వణికే వేలు పోనిచ్చాడు. "బాగుంది" అనలేదు. "ఈసారి చెప్పెయ్యి. మళ్ళీ విరిగితే చెప్పడానికి నేనుండను" అన్నాడు.

"ఉండకేం? అక్కని విసిగించడానికైనా ఉంటావు" అంది కానీ, బస్సులో దారి పొడుగునా దుప్పటి మీద, లోపల నంబరున్న చోటే చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆ బస్సులో పలకకీ నాకూ కూడా సీట్లు దొరికాయి.

హాలు బయటికి గోదాములా ఉంటుంది. లోపల అడుగుపెడితే గొంతు దానంతటదే తగ్గిపోతుంది. పైన దూలాలకి సర్కసువాళ్ళు వేలాడదీసిన కొక్కేలు అలాగే ఉన్నాయి. ఒక గోడ మీద రక్తదానం బాణం గుర్తు, ఇంకో గోడ మీద పరీక్ష గదుల నంబర్లు. నడుమ చెక్క నేల పరిచి ఉంది. రెండు చివర్లలో ఒక్కో సగం పలక లేక, పళ్ళూడిన నోరులా ఉంది. ఒక ఖాళీ విరిగిన పలకది. రెండోది, ఎంత కొట్టినా దిగక పక్కన పెట్టేసిన ఎనభై నాలుగుది.

మేనేజరు యువకుడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాల అట్ట. చెడ్డవాడేం కాదు. పని తెలిసినవాడు, ఈ పని తెలియనివాడు.

"వచ్చారా పలకమ్మగారూ. పన్నెండయింది. త్వరగా అరవై ఒకటిలో పెట్టించండి. అన్నట్టు, దాన్ని విరగ్గొట్టినతన్ని రేపట్నుంచి రావద్దన్నాను."

ఆ పనివాడు తలుపు దగ్గర సంచీ సర్దుకుంటున్నాడు. నలుగురు పిల్లల తండ్రిలా ఉన్నాడు.

ఆమె పలకని నేల మీద ఆన్చి నిలబెట్టింది. "ఇది అరవై ఒకటిలో పట్టదు బాబూ. ఎనభై నాలుగులో పెట్టాలి."

"నంబరు అరవై ఒకటి కదండీ?"

"నంబరు తప్పు. ముప్ఫై ఏళ్ళ బట్టీ తప్పే. ఆ తప్పు నాది." అక్కడున్న తొమ్మిదిమంది పనివాళ్ళూ చేతిలో పని ఆపేశారు. నీళ్ళొచ్చినప్పటి కథ ఆమె నాలుగు ముక్కల్లో చెప్పేసింది. బాలింత సంగతి చెప్పలేదు, తన భయాన్ని మాత్రం చెప్పింది. "కాగితంలో ఉన్నట్టే అతను పెట్టాడు. మీరు మాన్పించాలంటే నన్ను మాన్పించండి. అయితే నాలుగు దాటాక మాన్పించండి. ఈలోపు నాకు పనుంది."

మేనేజరు అట్ట వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఇప్పుడు కాగితాన్ని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా?"

"నన్ను కూడా నమ్మొద్దు. దాన్ని నమ్మండి" అని ఆమె మోకాళ్ళ మీదకి దిగింది.

కొత్త నాలుకని ఎనభై నాలుగో చోట గాడికి ఆన్చింది. సుత్తి తీసుకోలేదు. పక్క నుంచి అరచేత్తో నెట్టి, మడమతో ఒక్కటి తన్నింది. టక్కుమంది, పెట్టె మూత పడ్డట్టు. నేల మీద గోరు పోనిచ్చి చూడమని మేనేజరుని పిలిచింది. ఆయన ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చుని గోరు గీశాడు. ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత ఎనభై నాలుగుని అరవై ఒకటో చోటికి పట్టుకెళ్ళారు. సంచీ సర్దుకుంటున్నతన్ని కేకేసి, "రావయ్యా, ఇది నువ్వే దించు. ఈసారి సుత్తి ఇంట్లో పెట్టు" అంది. అతను సంచీ దించాడు. మేనేజరు అడ్డు చెప్పలేదు.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా పరీక్షించేవాడొచ్చాడు. పొట్టి మనిషి, మెడలో ఈల, చంకలో బంతి. ఎవరితోనూ మాట్లాడకుండా భుజం ఎత్తు నుంచి బంతి వదలడం, ఎంత ఎత్తు లేచిందో చూడడం, చెవి వాల్చి వినడం, నాలుగడుగులు వెయ్యడం. అడ్డంగా, నిలువుగా, గంటన్నర సేపు. నేను ఎన్నో కచేరీలు విన్నాను కానీ, ఒక్కో చప్పుడు కోసం ఇంతమంది ఊపిరి బిగపట్టడం చూడలేదు. ఎనభై నాలుగో చోట తెల్లగీత పక్కన వదిలాడు. బంతి లేచింది. ఏమనుకున్నాడో, మళ్ళీ వదిలాడు. మళ్ళీ అంతే ఎత్తు. పలకమ్మ చూడనేలేదు. కళ్ళు మూసుకుని వింటోంది.

కాగితం మీద సంతకం పెడుతూ, "చెక్క నేలలు ఈ మధ్య అందరూ తీసేస్తున్నారు. దీన్ని తియ్యకండి" అన్నాడతను మేనేజరుతో.

మేనేజరు చాలాసేపు ఆ సంతకం చూసి, ఆమె దగ్గరికొచ్చాడు. "రబ్బరువాళ్ళకి వద్దని రాసేస్తాను. కానీ పలకమ్మగారూ, ఇలా చెప్పకుండా ఉంచినవి ఇంకేమైనా ఉన్నాయా?"

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మూడున్నాయి."

"మూడా!"

"ఎల్లుండి పొద్దున్న కచేరీవాళ్ళ కోసం నేల ఎత్తుతాం కదా, అప్పుడు వచ్చి పక్కన కూర్చోండి. పలక తిప్పి చూపిస్తాను, మీ అట్టలో రాసుకుందురు గాని. మంచి ప్యాంటు మాత్రం వేసుకురాకండి."

పనివాళ్ళు గొల్లుమన్నారు. మేనేజరు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

నేను సంచీ భుజాన వేసుకుని ఆమె కోసం తలుపు దగ్గర నిలబడ్డాను. రెండు రోజుల స్నేహం, మైలున్నర బరువు. నాలుగు మంచి మాటలు చెప్పి సెలవు తీసుకుందామని మనసులో కూర్చుకున్నాను. ఆమె పలకల బండి తోసుకుంటూ నా ముందు నుంచే పోయింది. "ఆ ఈశాన్యం మూల ఒక తడి మరకుంది, ఎవడన్నా చూశాడ్రా?" అని ఎవర్నో అడుగుతోంది. ఎవరూ చూడలేదన్నారు. చక్రాల చప్పుడు హాలు పొడవునా సాగింది. ఆమె అవతలి చివరికి చేరి, మోకాళ్ళ మీద దిగి, చెంప నేలకి ఆన్చి ఆ మరక వైపు చూస్తోంది. వెనక్కి మాత్రం తిరగలేదు.