వాననీళ్ళతో కడిగిన పొట్టు

మా సారు పోయిన సంగతి నాకు చిత్తూరు బస్టాండులో తెలిసింది. తిరుపతి బస్సు దిగిన మా లేబరేటరీ జూనియర్ ఒకతను నన్ను చూసి ఆగాడు. "మన సారు మొన్న తెల్లారి పోయినారక్కా" అన్నాడు. ఆ పూట కాలేజీలో పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

సారు దగ్గర నేను నాలుగేళ్ళకు పైనే పరిశోధన చేశాను. వేరుశనగ పొట్టును గాలి తగలకుండా ఇనుప గొట్టంలో మాడ్చి, వచ్చే పొగను చల్లబరిచి నూనె తీయడం మా పని. పెట్రోలు అయిపోతుందని అందరూ బెంగపెట్టుకున్న రోజులవి. నూనె ఎలాగైనా వస్తుంది, మంచి నూనె రావడమే కష్టం. పొట్టులో ఉండే ఉప్పుల వల్ల నూనెలో నీరు ఎక్కువై, అది రెండు పొరలుగా విడిపోతుంది. అందుకని మాడ్చేముందే పొట్టును పలచని ఆమ్లంలో నానబెట్టి, నీళ్ళతో బాగా కడిగి, ఎండబెట్టాలని సారు పట్టుదల. అందరూ కొలిమి గురించి మాట్లాడుకుంటుంటే ఆయన బకెట్ల గురించి మాట్లాడేవారు. "గొట్టంలో ఏసినాక మన చేతిలో ఏముండాదమ్మా? చేసేదంతా అంతకు ముందే" అనేవారు.

పొద్దున్నే నామం దిద్దుకుని వచ్చి, ముందుగా మిద్దె మీద ఆరబోసిన పొట్టు దగ్గరికి వెళ్ళేవారు. గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపేవారు. ఆ చప్పుడును బట్టి తడి ఉందో లేదో చెప్పేవారు. తూకం వేసి చూస్తే ఆయన చెవే గెలిచేది. పొట్టు మా నాయన వడమాలపేట నుంచి గోతాల్లో బస్సు మీద వేసి పంపేవాడు. పొట్టు కడగడానికి అంత చదువెందుకని నన్ను ఆటపట్టించేవాడు, గోతాలు మాత్రం ఒక్కసారీ ఆలస్యం చేయలేదు.

మూడో ఏడు వానల్లేవు. కొళాయిలు ఎండిపోయి, బోరు నీళ్ళు వచ్చాయి. అప్పటినుంచి నా నూనె పాడైంది. ఎన్నిసార్లు కడిగినా సీసాలో రెండు పొరలే. కడిగితే నూనె బాగుపడుతుందని సారు అప్పటికే నలుగురిలో చెప్పి ఉన్నారు. నా లెక్కలు చూపిస్తే ఆయన మాట అబద్ధమవుతుంది. చూపించకపోతే నా థీసిస్ అబద్ధమవుతుంది. పైగా నా స్కాలర్‌షిప్ గడువు అయిపోతోంది, పొడిగించాలా వద్దా అని కమిటీ కూర్చోబోతోంది. పిరికిదాన్ని, ఆ కాగితాలు నెలరోజులు నా సంచిలోనే దాచాను.

నోటుబుక్కు రాలేదేమని సారే అడిగారు. ఏడుస్తూ అన్నీ ఆయన ముందు పెట్టాను. ఆయన చివరిదాకా చదివి, "చెడిన నూనె కూడా మనదేనమ్మా. దాన్ని దాసిపెడితే ఎందుకు చెడిందో మనకెవరు చెప్తారు?" అన్నారు. మధ్యాహ్నమైంది, ఇంటికి భోజనానికి రమ్మన్నారు.

వడ్డిస్తూ సారు భార్య నొచ్చుకున్నారు. "ఈ బోరునీళ్ళు వచ్చిన కాడినించి పప్పే ఉడకడం లేదమ్మా. పొద్దున్నించి పొయ్యి మీదే ఉండాది, ఇంకా గట్టిగానే ఉండాది."

సారు చేతిలో ముద్దను కంచంలో పెట్టేశారు. నా వైపు తిరిగి, "కడగమని చెప్పినానే గానీ, ఏ నీళ్ళతో కడగాలో నేను చెప్పలేదు కదా" అన్నారు. బోరునీళ్ళలో ఉండి పప్పును ఉడకనివ్వని సున్నమే మా పొట్టులోనూ దూరి కూర్చుంటోంది. ఆ సాయంత్రమే గుప్పెడు పొట్టును లేబరేటరీలో ఆవిరి చేసి చల్లబరిచిన డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి చూస్తే, కాలిన తర్వాత మిగిలే బూడిద సగానికి సగం తగ్గింది. కానీ ఆ నీళ్ళు మాకు రోజుకు రెండు సీసాలకు మించి రావు. గోతాల పొట్టుకు వాననీళ్ళే దిక్కు. అందుకు గడువు కావాలి.

మా లేబరేటరీలో ప్రతి సీసా మీద పొట్టు కడిగినవాళ్ళ పేరు రాసిన చీటీ ఉండాలి. అది సారు పెట్టిన నియమమే. కమిటీ రోజు ఆయన నా చెడిన నూనె సీసా పట్టుకుని లోపలికి వెళ్ళారు. నన్ను వరండాలో కూర్చోమన్నారు. ఇక నా చదువు అంతేననుకున్నాను. చాలాసేపటికి బయటికి వచ్చి, "ఇంకో ఏడాది ఇచ్చినారు. డ్రమ్ములు కడిగిపెట్టుకో, వాన వస్తాది" అన్నారు. లోపల ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

వాన వచ్చింది. పంచె ఎగ్గట్టి సారే మిద్దె గొట్టం కింద డ్రమ్ములు సర్దారు. ఆ నీళ్ళతో కడిగిన పొట్టు నూనె విడిపోలేదు. నేను థీసిస్‌లో కృతజ్ఞతలు రాసేటప్పుడు, సారు తన పేరుకంటే ముందు తన భార్య పేరు రాయించారు.

నిన్న తిరుపతికి, సారు ఇంటికి పరామర్శకు వెళ్ళాను. అమ్మగారు ఆయన బల్ల మీది సీసా తెచ్చి నా చేతికిచ్చారు. "దీన్ని పారేయనీలేదమ్మా ఆయన. నువ్వు తీసుకుపో" అన్నారు. కమిటీకి పట్టుకెళ్ళిన అదే నూనె, అవే రెండు పొరలు. చీటీ మీద మాత్రం సారు చేతిరాతతో సారు పేరు ఉంది.

చిత్తూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని చూస్తే చీటీ అంచు ఒకచోట లేచి ఉంది. దాని అడుగున ఇంకో చీటీ ఉంది, దాని మీద నా రాతలో నా పేరు. కమిటీ గదిలో ఆయన ఏం చెప్పారో నాకప్పుడు తెలిసింది. బస్సు చంద్రగిరి దాటేదాకా, లేచిన ఆ అంచును బొటనవేలితో అదిమిపట్టుకుని కూర్చున్నాను.